నీటి మీద పలకలు ఎందుకంత పడుకుని ఉంటాయి?

పోయిన సంచికలో ఇంటి కప్పు మీద సోలార్ గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీటి మీద తేలే సోలార్ గురించి అడిగినవే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను. కరెంటు ఇంజనీరుగా నా ఉద్యోగంలో చివరి ఆరేళ్లు ఈ పనిమీదే గడిచాయి. తెప్పల మీద నడిచాను, మోకులు పట్టుకుని లాగి చూశాను, తప్పులు జరిగితే గట్టు మీద నిలబడి బాధపడ్డాను. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తే విసుక్కోకండి.

ప్రశ్న: మేడమ్, నేను గోదావరిఖనిలో హైస్కూలు ఫిజిక్స్ టీచర్‌ని. మా డాబా మీద సోలార్ పెట్టిన కుర్రాళ్లు కొలిచి మరీ పలకలను 18 డిగ్రీల వాలుతో దక్షిణానికి తిప్పి బిగించారు. నీటి మీద ప్యానెళ్ల ఫొటోలు చూస్తే మాత్రం దాదాపు పడుకోబెట్టినట్టే ఉంటాయి. "వాళ్లకు లెక్క తెలియదా సార్?" అని మా తొమ్మిదో తరగతి పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, పిల్లలు మంచి ప్రశ్న అడిగారు. మీ డాబా మీద చేసిన లెక్క సరైనదే. మన ఊరి అక్షాంశం ఎంతో దాదాపు అంత వాలు పెట్టి దక్షిణానికి తిప్పితే ఏడాది మొత్తం మీద ఎక్కువ కరెంటు వస్తుంది. మీ రామగుండం అక్షాంశం దాదాపు 18.75 డిగ్రీలు. నీటి మీద సాధారణంగా 5 నుంచి 15 డిగ్రీల లోపే పెడతారు. అక్కడ వాలు ఎంతన్నది ఎండ ఒక్కటే తేల్చదు. గాలి మాట కూడా వినాలి.

డాబా మీద పలకను స్లాబుకు బోల్టులు వేసి బిగిస్తారు. పొలంలో అయితే కాంక్రీటు దిమ్మెల్లో స్తంభాలు పాతుతారు. నీటి మీద ఆ పునాది ఉండదు. ప్లాస్టిక్ డబ్బాల తెప్ప మీద పలక కూర్చుంటుంది, ఆ తెప్పను మోకులు పట్టుకుంటాయి. ఉత్తరం నుంచి దుమారం వచ్చిందంటే వాలుగా నిలబడిన పలక కింద దూరి, గొడుగును ఎత్తినట్టు ఎత్తుతుంది. గాలి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. పలక ఎంత పైకి లేచి ఉంటే ఆ బలం అంత ఎక్కువగా పడుతుంది, చివరికి అదంతా మోకు మీదికే వస్తుంది.

రెండోది నీడ. పిల్లలతోనే లెక్క చేయించండి. రెండు మీటర్ల పొడవున్న పలకను 18 డిగ్రీలకు వాల్చితే వెనక అంచు సుమారు 62 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. 10 డిగ్రీలకు అయితే 35 సెంటీమీటర్లే. డిసెంబరు మూడో వారంలో మీ ఊళ్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు మొదటి పలక వెనక పడే నీడ 56 సెంటీమీటర్లు, రెండోదాని వెనక 32. ఉదయం తొమ్మిదికి ఆ నీడలు ఇంకా సాగుతాయి. ఆ నీడ పడినంత మేరా వరసల మధ్య ఖాళీ వదలాలి. పొలంలో ఖాళీ వదిలితే గడ్డి మొలుస్తుంది, అంతే. నీటి మీద ఖాళీ అంటే అక్కడ కూడా తెప్ప డబ్బాలు వేయాలి, కేబుల్ సాగదీయాలి, మోకులు పెంచాలి. డబ్బంతా పోయేది అక్కడే.

మరి వాలు తగ్గిస్తే పోయే కరెంటు ఎంత? 18కి బదులు 10 పెడితే ఏడాదికి ఒక శాతం, అటూ ఇటూ. ఇంత తక్కువ ఎందుకంటే మన దేశంలో సూర్యుడు ఏడాదంతా దక్షిణాన ఉండడు. మీ ఊళ్లో మే నెల సగంలో ఒకసారి, జులై చివర ఇంకోసారి మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నం ఉత్తరం వైపే ఉంటాడు. అప్పుడు దక్షిణానికి బాగా వాల్చిన పలక కంటే పడుకున్న పలకే నయం. వానాకాలంలో మబ్బు గుండా వెలుతురు ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది. అప్పుడూ పడుకున్న పలకే ఎక్కువ ఆకాశాన్ని చూస్తుంది. కార్తీకం, మార్గశిరం నెలల్లో మాత్రం కొంత నష్టం తప్పదు.

మూడోది పిల్లలకు బాగా నచ్చుతుంది. తెప్ప ఒకచోట నిలవదు. నీటి మట్టం తగ్గితే మోకులు వదులై తెప్ప కొంచెం పక్కకు తిరుగుతుంది. నిటారుగా ఉన్న పలక అలా ముఖం తిప్పుకుంటే నష్టం బాగా కనిపిస్తుంది. పడుకున్న పలక పది డిగ్రీలు అటు తిరిగినా మీటర్లో తేడా తెలియదు.

అయితే పూర్తిగా బల్లపరుపుగా కూడా పెట్టకూడదు. కనీసం ఐదు డిగ్రీలైనా ఉంటేనే వాన నీరు జారి దుమ్మును తీసుకుపోతుంది. లేదంటే కింది అంచున నీరు నిలిచి బురద గీత కడుతుంది. ఆ గీత కింద ఉన్న సెల్స్‌కు, అంటే పలకలో కరెంటు పుట్టించే గడులకు, వెలుతురు అందదు. నీటి మీద దుమ్ము తక్కువే గాని పక్షులు ఎక్కువ. నీటికాకులూ కొంగలూ పలక అంచు మీద వరసగా కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయి, వాటి రెట్ట వానకు కూడా ఒక పట్టాన పోదు. రెట్ట పడినచోట సెల్ వేడెక్కి కొన్నాళ్లకు మాడిన మచ్చ పడుతుంది. మెత్తని బ్రష్షుతో తెల్లవారుజామునే కడిగించాలి. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చల్లనీళ్లు పోయకూడదు.

కొన్నిచోట్ల దక్షిణం మాటే వదిలేసి, గుడిసె కప్పులాగా ఒక పలక తూర్పుకీ ఒక పలక పడమరకీ వాల్చి వీపులు ఆనించి పెడతారు. దానివల్ల వెనక నుంచి గాలి దూరడానికి సందు ఉండదు, వరసల మధ్య ఖాళీ పెద్దగా అక్కర్లేదు. ఒక్కో పలక నుంచి వచ్చే కరెంటు కొంచెం తగ్గినా, ఉదయం సాయంత్రం కాస్త మెరుగ్గా వస్తుంది. గాలులు గట్టిగా వీచే చోట నాకు ఈ పద్ధతే ఇష్టం.

ప్రశ్న: మేడమ్, నేను వరంగల్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నీటి చల్లదనం వల్ల ఫ్లోటింగ్ సోలార్ 10 శాతం ఎక్కువ కరెంటు ఇస్తుందని మా సెమినార్‌లో చెప్పాను. మా సార్ "దేనికంటే?" అని అడిగారు. నాకు జవాబు రాలేదు, చాలా టెన్షన్ పడ్డాను.

జవాబు: టెన్షన్ వద్దు తల్లీ, మీ సార్ నీకు మేలే చేశారు.

పలక మీద రాసిన వాట్లు 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర కొలిచినవి. ఆ పైన ఒక్కో డిగ్రీకి సిలికాన్ పలక సుమారు 0.35 నుంచి 0.4 శాతం నష్టపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండల్లో మీ ఓరుగల్లులో పలక లోపలి వేడి 65 డిగ్రీలకు పోవడం మామూలే. అంటే 40 డిగ్రీలు ఎక్కువ, 14 నుంచి 16 శాతం గాలిలో కలిసినట్టే. నీటి మీద ఆ వేడి ఐదారు డిగ్రీలు తగ్గితే కలిసొచ్చేది రెండు శాతం చిల్లర, పది డిగ్రీలు తగ్గితే నాలుగు. కింద గాలి ఆడకుండా రేకుల కప్పుకు అంటించి పెట్టిన పలకతో పోల్చితే తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పొలంలో ఎత్తుగా, గాలి బాగా తగిలేలా పెట్టిన పలకతో పోల్చితే చిన్నదవుతుంది. ఇంకో సంగతి. చల్లబరిచేది నీరు ఒక్కటే కాదు, దాని మీదుగా అడ్డం లేకుండా వీచే గాలి కూడా. పలక కింద భాగమంతా ప్లాస్టిక్ డబ్బాలతో మూసేసిన తెప్పలో ఆ లాభం తగ్గిపోతుంది. తెప్ప ఏ రకమో చెప్పకుండా శాతం చెప్పకూడదు.

చల్లదనం ఒక లాభమే, కాదనను. కానీ అసలు లాభం వేరే ఉంది. రామగుండంలో ఎన్‌టీపీసీ థర్మల్ కేంద్రం జలాశయం మీదున్న 100 మెగావాట్ల ప్లాంటునే చూడు. 2022 జులై 1 నాటికి పూర్తిగా నడకలోకి వచ్చింది, ఖర్చు 423 కోట్లు. జలాశయంలో 500 ఎకరాల మేర పరుచుకుని ఉంది. నేల మీద అయితే ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి కాబట్టి సుమారు అంత భూమినే రైతుల దగ్గర తీసుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ఒక్క ఎకరం సాగు భూమి పోలేదు. ఇంకా పెద్దది, కరెంటు బయటికి పంపే స్విచ్‌యార్డ్ పక్కనే ఎప్పటి నుంచో ఉంది. 33 కిలోవోల్టుల కేబుల్ దానిదాకా వేస్తే సరిపోయింది. ఊళ్ల మీదుగా కొత్త టవర్లు, కొత్త లైను, దాని కింద పోయే పొలాల గొడవ, ఏవీ లేవు. లైన్లు వేయించిన మనిషిని నేను. ఈ ఒక్కటీ ఎంత సుఖమో నాకు తెలుసు. మీ సార్‌కు ముందు ఇది చెప్పు, చల్లదనం తర్వాత చెప్పు.

ప్రశ్న: అమ్మా, మాది అనంతపురం జిల్లా. నా చీనీ తోటలో 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున్న సేద్యపు కుంట ఉంది. మార్చి వచ్చేసరికి నీళ్లన్నీ ఆవిరైపోతాయి. మూడు హెచ్‌పీ మోటారుకు సోలార్ పెట్టుకోవాలని ఉంది. ఆ పలకలను కుంట మీదే తేలిస్తే కరెంటూ వస్తుంది, నీళ్లూ మిగులుతాయి కదా?

జవాబు: మీ ఆలోచన తప్పు కాదన్నా. కానీ లెక్క వేశాక వద్దనే చెబుతాను.

నీటి మీద సోలార్ పెడితే ఆవిరి తగ్గుతుందన్నది నిజమే. రామగుండంలో ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా ఆగుతుందని ప్లాంటు వాళ్ల అంచనా. 500 ఎకరాలంటే సుమారు 20 లక్షల చదరపు మీటర్లు. అంటే ఆ మేరా మనిషి ఎత్తు నీరు మిగిలినట్టు. ఈ సంఖ్య చదివే మీకూ ఆశ పుట్టి ఉంటుంది. అక్కడ నీటిని పలకలు, తెప్పలు విస్తారంగా కప్పేశాయి. మీకు మూడు హెచ్‌పీకి కావలసింది సుమారు మూడు కిలోవాట్లు, అంటే 335 వాట్ల పలకలు తొమ్మిది. ఒక్కోటి రెండు చదరపు మీటర్లు అనుకుంటే మొత్తం 18. మీ కుంట 400 చదరపు మీటర్లు. నూటికి ఐదు పాళ్లు కూడా కప్పబడవు. మిగిలిన 95 పాళ్ల నుంచి ఆవిరి మామూలుగానే పోతుంది.

పైగా మీ కుంట ఎండిపోతుంది. తెప్ప బురద మీద కూర్చుంటే డబ్బాలు ఒక పక్కకు ఒరిగి పగుళ్లు వస్తాయి, వానలొచ్చాక అదే ఒరుగుడుతో పైకి లేస్తుంది. ఎన్నడూ పూర్తిగా ఎండని నీటికే తెప్ప సరిపోతుంది.

పలకలను కుంట గట్టు మీద స్తంభాలు పాతి, గట్టు నీడగానీ చెట్టు నీడగానీ పడని వైపు, దక్షిణానికి తిప్పి పెట్టించండి. మీ జిల్లాకు 14, 15 డిగ్రీల వాలు సరిపోతుంది. ఇక నీళ్ల సంగతి. ముందు కుంట అడుగున షీటు వేశారో లేదో చూడండి. చాలామంది ఆవిరైపోయిందనుకునే నీటిలో పెద్ద భాగం నిజానికి భూమిలోకి ఇంకినదే. ఇంకుడు ఆగాక కూడా నీళ్లు నిలవకపోతే తీగల మీద షేడ్ నెట్ కట్టించండి. సోలార్ తెప్పకయ్యే ఖర్చులో చిన్న ముక్కతో మొత్తం కుంటకు నీడ వస్తుంది.

ప్రశ్న: మేము విశాఖలో ఉంటాం. హుద్‌హుద్‌ను చూసినవాళ్లం. తుపాను వస్తే ఈ తెప్పలు ఏమవుతాయి? ముడసర్లోవ దగ్గర వాటిని చూసినప్పుడల్లా ఇదే అనుమానం.

జవాబు: భయపడటంలో తప్పు లేదు. జపాన్‌లో చీబా ప్రాంతంలోని యమకురా డ్యామ్ మీద 13.7 మెగావాట్ల ప్లాంటు ఉండేది, యాభై వేలకు పైగా పలకలు. 2019 సెప్టెంబరులో వచ్చిన తుపానుకు లంగర్లు తెగి తెప్పలు ఒకవైపుకు కొట్టుకుపోయాయి. పలకలు ఒకదాని మీద ఒకటి మడతపడి నిప్పంటుకుంది. నీటి మధ్యలో మంటలు లేస్తున్న ఆ ఫొటో చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి నేను పనిచేస్తున్న చోట లంగర్లు వేసే పని జరుగుతోంది.

మీ వైపు రెండు ప్లాంట్లు బాగా తెలిసినవి. ముడసర్లోవ జలాశయం మీద నగరపాలక సంస్థ 2018లో పెట్టిన 2 మెగావాట్లది చిన్నది. అప్పటి ఉమ్మడి జిల్లాలోని సింహాద్రి ఎన్‌టీపీసీ జలాశయం మీద 2021 ఆగస్టులో మొదలైన 25 మెగావాట్లది పెద్దది, 75 ఎకరాల్లో లక్షకు పైగా పలకలు. తీరం దగ్గర ప్లాంటు కట్టేవాళ్లు ఆ ప్రాంతానికి నిర్ణయించిన తుపాను గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకునే మోకులూ లంగర్లూ రూపొందించాలి. ప్లాంటును ఒకే చాపలా పరిస్తే ఒక్క మూల తెగినా మొత్తం చిరుగుతుంది. రామగుండంలో 40 ముక్కలుగా విడదీశారు. ఒక్కో ముక్క రెండున్నర మెగావాట్లు, 11,200 పలకలు. ప్రతి ముక్కకూ ఇన్వర్టర్ (పలకల డీసీ కరెంటును ఏసీగా మార్చేది), ట్రాన్స్‌ఫార్మర్ కూడా సిమెంటు తెప్ప మీద నీటిలోనే తేలుతుంటాయి. అడుగున కాంక్రీటు దిమ్మెలు దింపి, వాటికి గట్టి పాలిథిలిన్ మోకులతో కట్టారు.

మోకు తెగేంత గాలి ఎప్పుడో ఒకసారి వస్తుంది. కానీ నీటి మట్టం ప్రతి ఏడూ మారుతుంది. నన్నడిగితే రెండోదాన్నే ముందు చూడాలి. నేను పనిచేసిన ఒక తాగునీటి జలాశయంలో మే నెలలో నీళ్లు అడుగంటినప్పుడు తెప్ప కట్టారు. కదలకుండా ఉంటే బాగుంటుందని పనివాళ్లు మోకులు బిర్రుగా లాగి ముడివేశారు. వానలకు మట్టం పెరిగితే ఎంత సడలాలో కాగితం మీద ఉంది, కానీ ఆ కాగితం గట్టు మీదికి రాలేదు. ఆగస్టులో ఒక్క రాత్రిలో మట్టం రెండు మీటర్లు లేచింది. తెల్లారి వెళ్లి చూస్తే నైరుతి మూల మోకులు తెప్పను కిందికి పట్టి లాగుతున్నాయి, ఆ మూల పలకలు రెండు వరసలు నీళ్లలో మునిగి ఉన్నాయి. తెప్ప పైకి రావాలని గింజుకుంటున్నట్టే ఉంది. పడవలో వెళ్లి ఒక్కో మోకూ వదులు చేయించేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ ముందు వారం నేనే వెళ్లి మోకులు చూసి ఉండాల్సింది.

అందుకే మట్టం పెద్దగా మారని జలాశయాలే నీటి సోలార్‌కు అనువు. థర్మల్ కేంద్రాల జలాశయాలు అలాంటివి. శ్రీశైలం నిండితే 885 అడుగులు, కొన్ని వేసవుల్లో 810 అడుగుల దగ్గరకు పడిపోయింది. 75 అడుగులు ఎక్కి దిగే తెప్పకు మోకు కట్టడం చేయలేని పని కాదు గాని చాలా ఖరీదైన పని.

ప్రశ్న: నీళ్లలో కరెంటు అంటే షాక్ కొట్టదా? (పాలకొల్లు నుంచి ఒక గృహిణి)

జవాబు: సరిగ్గా కడితే కొట్టదమ్మా. కేబుళ్లు నీటిలో ఈదవు, తెప్ప మీద గొట్టాల్లో నడుస్తాయి. జాయింట్లకు నీరు చొరని మూతలుంటాయి. ఎక్కడైనా కేబుల్ తొడుగు దెబ్బతిని కరెంటు కారితే ఇన్వర్టర్ కనిపెట్టి ఆగిపోతుంది. అయితే ఎండ ఉన్నంతసేపూ పలకల వైపు కరెంటు ఉంటూనే ఉంటుంది, అది స్విచ్‌తో పోయేది కాదు. కాబట్టి పిల్లలను ఆ దగ్గర ఈతకు పోనివ్వకండి.

ప్రశ్న: మేడమ్, మేము జనగామ జిల్లాలో ఒక ఊరి మత్స్య సహకార సంఘం సభ్యులం. మా చెరువు మీద సోలార్ పెడతామని ఒక కంపెనీ మనుషులు వచ్చి నక్షా చూపించి సంతకాలు అడుగుతున్నారు. చేపలు బతుకుతాయా? మా వల ఎక్కడ వేసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. రామగుండం, సింహాద్రి ప్లాంట్లు ఉన్నవి కరెంటు కేంద్రాల సొంత జలాశయాలు. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి వాళ్లది కూడా అంతే. ఊరి చెరువు అలాంటిది కాదు. అక్కడ చేపలున్నాయి, తామరలున్నాయి, గేదెలు దిగే రేవు ఉంది, బతుకమ్మ నిమజ్జనం ఉంది. మధ్యప్రదేశ్‌లో నర్మద మీద ఓంకారేశ్వర్ జలాశయంలో పెద్ద ప్లాంటు కడుతున్నప్పుడు అక్కడి జాలర్ల నుంచి గట్టి అభ్యంతరాలే వచ్చాయి. థర్మల్ కేంద్రాల నీళ్లూ, తాగునీటి జలాశయాలూ వాడుకున్నాకే చెరువుల దగ్గరకు రావాలన్నది నా మాట.

చేపల సంగతి. పలకల నీడలో నాచు తగ్గుతుంది, నీరు కొంచెం చల్లబడుతుంది. కొద్ది మేర కప్పితే చేపలకు పెద్ద చేటు లేదు, ఎండాకాలంలో నీడకు చేరతాయి కూడా. ఎక్కువ కప్పితే అసలు సమస్య మొదలవుతుంది. నీటిలో ప్రాణవాయువు రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలికి అలలు లేచి, రెండోది వెలుతురులో నాచు తయారుచేసి. రెండింటినీ కప్పేస్తే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అది మీకు నాకంటే బాగా తెలుసు.

నక్షాలో నాలుగు సంగతులు చూడండి. వేసవిలో మీ చెరువు నీరు ఎంత మేరకు కుంచించుకుపోతుందో ఆ గీత నక్షా మీద ఉందా? నిండు చెరువు మీద నాలుగో వంతే కప్పుతామని చెబుతారు, కానీ మే నెలలో అదే తెప్ప మిగిలిన నీరంతా కప్పేయవచ్చు. ఒడ్డున లోతు తక్కువ మేరను వదిలారా? చేపపిల్లలు పెరిగేది, మీ వల తిరిగేది అక్కడే. లంగరు దిమ్మెలు, మోకులు ఎక్కడ దిగుతాయో గుర్తులున్నాయా? నీటి కింది మోకుకు వల తగిలితే వల పోతుంది. తూము దగ్గరకు, అలుగు దగ్గరకు తెప్ప రాకుండా దూరం రాశారా? అలుగు పారేటప్పుడు నీటి లాగుడుకు తెప్ప అటే పోతుంది.

ఇవేవీ లేకుండా సంతకం పెట్టకండి. ఆ నక్షా నకలు ఒకటి అడిగి తీసుకోండి, ఇవ్వడం వాళ్ల పని. దాని మీద వేసవి నీటి గీతను మీ పెద్దవాళ్లను అడిగి పెన్సిల్‌తో గీసి, వలలు వేసే చోట్లు గుర్తు పెట్టి, పత్రిక చిరునామాకు పంపండి. నేను చూసి మీకు విడిగా ఉత్తరం రాస్తాను.